నూటనలభై కేరియర్లు

దుర్గాదేవికి కోపం ముక్కు మీదే ఉంటుంది. పొద్దున్న ఏడున్నరకి కె.కోటపాడులో బస్సెక్కగానే కండక్టరు చిల్లర లేదంటాడు, అక్కడ మొదలవుతుంది. చోడవరంలో దిగి కాలేజీ గేటు దాటేసరికి అది ఇంకా పెరుగుతుంది. ఫస్టు పీరియడుకి సగం బెంచీలు ఖాళీ. ఫేన్లు ఆరేళ్ళుగా తిరగవు. కంప్యూటర్ లేబులో పదకొండు సిస్టంలుంటే పనిచేసేవి ఆరు. ఇంత కోపంతో ఈవిడెలా బతుకుతోందో అని స్టాఫ్ రూములో గుసగుసలాడుకుంటారు. కోపం లేకపోతే ఈ కాలేజీలో పాఠం చెప్పడం తన వల్ల కాదంటుంది ఆవిడ.

బీబీఏ ఆఖరి ఏడాది పిల్లలకి బిజినెస్ స్ట్రాటజీ చెబుతుంది. పుస్తకం తీస్తే చాలు కునికిపాట్లు పడుతున్నారని ఈసారి సిమ్యులేషన్ పెట్టింది. అంటే ఉత్తుత్తి వ్యాపారమన్నమాట. ముగ్గురేసి ఒక జట్టు. జట్టుకి కంప్యూటర్లో ఒక సీలింగ్ ఫేన్ల కంపెనీ. ఎన్ని ఫేన్లు చెయ్యాలి, ఏ ఊళ్ళో అమ్మాలి, ఎంతమందిని పన్లో పెట్టుకోవాలి, అన్నీ ముగ్గురూ కూచుని తేల్చుకోవాలి. ఎవరి పాస్‌వర్డు వాళ్ళు కొడితేనే నిర్ణయం పడుతుంది. మొత్తం ఆరు రౌండ్లు. రాష్ట్రంలో ఎనభై కాలేజీలు ఆడుతున్నాయి.

ఆట మొదలైన వారమే ప్రిన్సిపాల్ గణపతిరావు పిలిచి తలుపు దగ్గరికి వెయ్యమన్నాడు.

"ఖర్చు తగ్గించాలటమ్మా. కాంట్రాక్ట్ లెక్చరర్లలో ముగ్గుర్ని తీసెయ్యమని పైనుంచి మాటొచ్చింది. మన జట్టు ఒక్కటి మొదటి పదిలోకి వచ్చిందనుకోండి, పేపర్లో ఫొటో వేయిస్తాం. మీ పేరు లిస్టులో ఉండదు."

తొమ్మిదేళ్ళ నుంచి చెబుతోంది పాఠాలు. ఒళ్ళు మండిపోయింది. అయినా "సరే సార్" అంది. ఆ సరే అన్నందుకు ఇల్లు చేరేదాకా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

నాలుగు రౌండ్లయ్యేసరికి ఉదయ్‌కుమార్, డెబోరా, బాలు ఉన్న జట్టు ఇరవై మూడో స్థానంలో ఉంది. అయిదో రౌండులో ఒక్కసారిగా నాలుగోదైపోయింది. ప్రిన్సిపాల్ కాజాలు తెప్పించి పంచేడు. దుర్గాదేవి రెండు తింది. ఎలా పైకొచ్చేరని అడగలేదు. తర్వాత ఆ రెండు కాజాలూ తల్చుకుంటే ఆవిడకి చెంపలు వాయించుకోవాలనిపించేది.

మర్నాడు పొద్దున్న అటెండరు పరదేశి గేటు దగ్గరే ఎదురొచ్చేడు.

"మేడమ్, మీ వోళ్ళొచ్చేరు. నూటనలభై మంది. నీళ్ళిచ్చేను."

వడ్డాది రోడ్డు మీంచి నడిచొచ్చేరట. అందరికీ బూడిద రంగు యూనిఫాం, చేతిలో స్టీలు కేరియరు. జేబు మీద పేరు లేదు, నంబరుంది. లేబు బయట వరండా పొడుగునా గోడకి ఆనుకొని కూచున్నారు. అయిదో రౌండులో ఉదయ్ జట్టు తమ కంపెనీలోంచి తీసేసిన మనుషులు. ఎక్కడ తీసేస్తే అక్కడికే కదా వస్తారు. స్కూటర్ల స్టాండుకి అడ్డం లేకుండా సర్దుకోమని ప్రిన్సిపాల్ కబురు పెట్టేడు. వాళ్ళు సర్దుకున్నారు.

నూటపదిహేడు అనే ఆవిడకి యాభై దాటుంటాయి. లేచి దుర్గాదేవి దగ్గరికొచ్చింది.

"అమ్మా, నా పన్లో తప్పేటి?"

దుర్గాదేవి విసురుగా లేబులోకెళ్ళి డస్టరు బల్లకేసి కొట్టింది. సుద్దపొడి ఇంతెత్తున లేచింది.

"ఒరే ఉదయ్, ఎవర్నడిగి తీసేసేవురా ఇంతమందిని?"

"అదేటి మేడమ్, ఆళ్ళు కాస్ట్ కదా. జీతాలు ఖర్చు కిందకొస్తాయని మీరే బోర్డు మీద రాసేరు."

రాసింది నిజమే. ఆ మాట ఎక్కడో లోపల తగిలి, కోపం రెండింతలైంది.

"ముగ్గురూ ఎంతసేపు మాట్లాడుకున్నారు?"

బాలు నసిగేడు. "మాటాడుకోలేదు మేడమ్. మా పాస్‌వర్డులు ఆడి కాడే ఉన్నాయి. మొదటి రౌండు నుంచీ ఆడే కొడతన్నాడు."

"ఛీ! సిగ్గులేదూ మీకు! ఎటెండెన్సుకి ప్రాక్సీ, రికార్డుకి ప్రాక్సీ, ఆఖరికి ఆలోచించడానిక్కూడా ప్రాక్సీయా! ఏమే డెబోరా, నీకు బుర్రుందనుకున్నానే నేను! వెళ్ళండి ముగ్గురూ. వరండాలో ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పి, అప్పుడు రండి నా క్లాసుకి."

ఆ రోజు వాళ్ళు క్లాసుకి రాలేదు. మర్నాడూ రాలేదు. వరండాలోనే కూచున్నారు. తీసేసినవాళ్ళ చేతులు మాత్రం ఊరికే ఉండలేకపోయాయి. స్టూళ్ళు అడిగి ఎక్కి, ఒక్కో గదిలో ఫేన్లు దింపేరు. కాలిపోయిన వైండింగ్ విప్పి కొత్తది చుట్టేరు. మధ్యాన్నానికి ప్రిన్సిపాల్ గదితో సహా కాలేజీలో ఫేన్లన్నీ గిర్రున తిరుగుతున్నాయి. "హమ్మయ్య, ఇన్నాళ్ళకి" అనుకొని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

భోజనాల వేళ డెబోరా పరుగెత్తుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, ఆళ్ళ కేరియర్లు తీసి సూసేను. ఒక్కదాన్లోనూ మెతుకు లేదు. కంప్యూటరు కేరియరిచ్చింది గానీ అన్నం పెట్టలేదు. మేం పన్లో పెట్టుకునేటప్పుడే సూడాల్సింది. భోజనాల కాలమ్ ఖాళీగా ఒదిలేసేం."

ఇంకొక్క రౌండే మిగిలింది. మూడో రోజు పొద్దున్న లేబులో ముగ్గురూ ఒక సిస్టం ముందు కూచున్నారు. ఈసారి ఎవరి పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉంది. ఉదయ్‌కుమార్ తలెత్తి మెల్లిగా అన్నాడు.

"అందర్నీ ఎనక్కి తీసుకుంటే పదిలో ఉండం మేడమ్. లెక్కేసి సూసేను. మరి మీ పేరు లిస్టులోకి ఎక్కిపోద్దంట గదా. కాలేజీలో అందరికీ తెలుసు."

ఆవిడ మొహం కందగడ్డయింది.

"నా సంగతి నీకెందుకురా? నేను మీకు ఉద్యోగం చెయ్యడం లేదు, పాఠం చెబుతున్నాను. ముగ్గురూ మాట్లాడుకోండి. ఏది తోస్తే అది కొట్టండి. నేను బయట కూచుంటాను."

బయటికొచ్చి నూటపదిహేడు పక్కన చతికిలబడింది. లోపల్నించి అరుపులు వినిపిస్తున్నాయి. బాలు గొంతు అంత పెద్దదని ఆవిడకి ఆ రోజే తెలిసింది. డెబోరా బల్ల గుద్దింది. ఉదయ్ ఏదో లెక్క చెబుతుంటే ఇద్దరూ కలిసి అడ్డుపడ్డారు, మళ్ళీ ముగ్గురూ కలిసి ఇంకేదో లెక్క వేసుకున్నారు. ఏడాదంతా ఆవిడ వినాలనుకున్న గొడవ అదే. అయినా లోపల ఒక మూల, ఈ నూటనలభై మందినీ వెనక్కి తీసుకోకపోతే బాగుణ్ణు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకి అసహ్యం వేసింది.

రెండు గంటలు పట్టింది. తర్వాత లోపల కీబోర్డు చప్పుడైంది. కాసేపాగి ఇంకోసారి, ఆ తర్వాత మూడోసారి.

వరండాలో నూటనలభై మందీ లేచేరు. బట్టలు దులుపుకున్నారు. తొందరేమీ లేకుండా ఇద్దరిద్దరుగా గేటు వైపు నడిచేరు. నూటపదిహేడు మటుకు తన కేరియరు దుర్గాదేవి ఒళ్ళో పెట్టింది.

"ఈ ముగ్గురు గుంటలూ మాకు కేంటీను పెట్టించేరమ్మా. వేడన్నం ఎడతారంట. ఇంక దీంతో నాకు పన్లేదు. నువ్వుంచుకో."

మధ్యాన్నం మూడింటికల్లా ఫలితాలొచ్చేయి. ఉదయ్ జట్టు ముప్పై ఒకటి.

ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద మూడు ఉత్తరాలు టైపు చేసి ఉన్నాయి. పైదాని మీద దుర్గాదేవి పేరు. ఫేను గాలికి కాయితాలు ఎగురుతుంటే గణపతిరావు ఒక చేత్తో నొక్కిపట్టి, రెండో చేత్తో పెన్ను తీసేడు.

"ముప్పై ఒకటంటే నేనేం చెయ్యనమ్మా? మీరే చెప్పండి."

"నా పన్లో తప్పేటి సార్?"

"తప్పని కాదమ్మా. ఖర్చు."

అంతే. తొమ్మిదేళ్ళుగా బస్సులో, స్టాఫ్ రూములో, లేబులో చిల్లరగా ఖర్చయిపోతున్న కోపమంతా ఒక్కచోటికొచ్చింది. ఆశ్చర్యంగా గొంతు మాత్రం లేవలేదు. చేతిలో ఉన్న నూటపదిహేడు కేరియరు ఆ ఉత్తరాల మీద ఠక్కున పెట్టింది.

"పెట్టండి సార్ సంతకం. రేపు పొద్దున్న తొమ్మిదింటికి దీన్నిండా అన్నం పెట్టుకొని వస్తాను. మీ గుమ్మం ముందు కూచుంటాను. మిగతా ఇద్దర్నీ తెచ్చుకుంటాను. వాళ్ళకి కంప్యూటర్లో రౌండ్లున్నాయి కాబట్టి మూడ్రోజుల్లో వెళ్ళిపోయేరు. మాకు రౌండ్లు లేవు. మీరు రిటైరయ్యేదాకా వస్తాం."

గణపతిరావు తలుపులోంచి వరండా వైపు చూసేడు. నూటనలభై మంది మూడ్రోజులు ఆనుకున్న గోడ మీద నూటనలభై తలల నూనెమరకలు వరసగా ఉన్నాయి. తన గుమ్మం పక్కన గోడ మాత్రం ఇంకా తెల్లగా ఉంది. పెన్నుకి మూత పెట్టేడు.

"పరదేశీ! ఈ మూడు కాయితాలూ పట్టుకుపో."

"ఎక్కడెట్టమంటారు బాబూ?"

"ఆ టీ కొట్టు పొయ్యిలో పెట్టు!"

పరదేశి కేరియరు ఎత్తి దుర్గాదేవి చేతికిచ్చి, కాయితాలు తీసుకున్నాడు. ఆవిడ థేంక్సు చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? లాస్టు పీరియడు గంట కొట్టేరు. కేరియరు ఊపుకుంటూ విసవిసా క్లాసుకెళ్ళింది. బోర్డు మీద పాత పాఠం చీరకొంగుతోనే తుడిచేసి వెనక్కి తిరిగింది.

"ఎవడి పాస్‌వర్డు ఇంకొకడి దగ్గరుందో, లేచి నిలబడండి!"

క్లాసులో సగం మంది లేచేరు.