మూడో గంట కొట్టాక

మూడో వరుస చివర కుర్చీలో కూర్చోగానే సుదర్శన్ సారు జేబులోంచి చేతిరుమాలు తీసి పక్క కుర్చీ మీద పరిచాడు. నాటకం అయ్యేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. అది ప్రేమలతది.

గద్వాలలో పద్యనాటకమంటే ముప్పై ఏండ్లు ఆయన పేరే చెప్పుకున్నారు. కాలేజీలో కామర్సు పాఠాలు, సాయంత్రాలు నాటక సమాజం కార్యదర్శి పని. అతిథికి శాలువా, హార్మోనిస్టుకు చాయ్, కిరీటం రాలేదని అలిగిన రాజుకు బుజ్జగింపు, చివరికి మూడుసార్లు గంట కొట్టి తెర ఎత్తించడం, అన్నీ ఆయనే. భార్య ప్రేమలత ఒక్క నాటకం తప్పేది కాదు. వెనక వీధి కుల్సుమ్‌బీతో కలిసి వచ్చి ఈ మూడో వరుసలోనే కూర్చునేది.

పోయిన ఏడాది కర్నూలు దవాఖానలో మంచం మీద నుంచి ఒక మాట అడిగింది. "ఇన్నేండ్ల సంది నాటకాలకు పోతున్నం. ఒక్కటన్న పక్కపక్కన కూసొని చూసినమా?"

"నీకు బాగు గానీ, చూద్దాం" అన్నాడు. ఆమెకు బాగు కాలేదు.

అందుకే కార్యదర్శి పని వదిలేశాడు. ఒక్క నాటకమైనా మొదటి గంట నుంచి మంగళం దాకా లేవకుండా చూడాలని ఈ ఆదివారం సాయంత్రం పెందలాడే వచ్చి కూర్చున్నాడు.

మైకు కుయ్యిమంది. ఏ వైరు కదిలిందో ఆయనకు తెలుసు. లేవబోయి, మోకాళ్లు పట్టుకొని ఆగాడు.

కొత్త కార్యదర్శి నాగేశ్ ఉరికొచ్చాడు. "అరే సార్, గీడ కూసున్నరేంది? ముఖ్య అతిథి ఇంకా గట్టు ఊరి కాడనే ఉన్నడంట. ఆయన జాగల మీరొచ్చి దీపం పెట్టుండ్రి."

"ఇయాల చూడనీకె వచ్చిన, నాగేశ్."

"చూడొద్దన్నమా సార్? దీపం పెట్టి, తెర పక్కకెల్లి చూద్దురు. మీ స్టూలు ఆడనే ఉంది."

ఆ స్టూలు మీద నుంచే ఆయన ముప్పై ఏండ్లు చూశాడు. రాజుల ముఖాలు చూడలేదు, వాళ్ల అంగరఖాలకు వెనక పెట్టిన పిన్నీసులు చూశాడు. హార్మోనియం చెవి పక్కనే మోగేది, పద్యం చివర్లు అందులో మునిగిపోయేవి. ఇంట్లో ప్రేమలత అంట్లు తోముతూ పద్యం అందుకొని చివర పొడుగ్గా తీస్తే, "గంత లాగరే, తప్పు పాడుతున్నవ్" అని దిద్దేవాడు. "నాకట్లనే ఇనొచ్చింది మరి" అని ఆమె ఊరుకునేది.

మొదటి గంట మోగింది. నాగేశ్ "వస్తరు గద సార్" అంటూనే వేదిక మీదికి పరుగెత్తాడు.

"సారూ, మీరేనా?" వెనక వరుసలోంచి కుల్సుమ్‌బీ వంగింది. "కలికాలం! మీరు కుర్చీల కూసున్నరంటే ఇయాల వాన పడ్తది." నవ్వుతూనే పక్క కుర్చీ మీది రుమాలు చూసి మెత్తబడింది. "ప్రేమలతక్క సుత గిట్లనే ఏసేది."

"ఏమేసేది?"

"తువ్వాల. నీలం అంచుది. మొదటి గంటకు పక్క కుర్చీల ఏసేది. ఎవరడిగినా 'మా సారొస్తరు' అనేది."

సుదర్శన్ సారు తెర వైపు చూశాడు. తెరకు ఎడమ పక్క వేలు పట్టేంత చిల్లు ఉండేది. గంట కొట్టే ముందు అందులోంచి జనం నిండారా లేదా అని మాత్రమే చూసేవాడు. తెర లేచాక స్టూలు మీద నుంచి మళ్లీ చూస్తే ప్రేమలత పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఒకసారి గాజులమ్మే ముసలామె, ఒకసారి బిడ్డతల్లి. 'తోడు దొరికింది' అనుకొని నిమ్మళంగా తన పనిలో పడేవాడు.

"ఖాళీగుండేది గాదు గదమ్మా. నేను చూసేటోన్ని."

"తెర లేచినంక చూసినరేమో. రెండో గంటకు స్టేజీ పక్క మెట్ల దిక్కు చూసేది. మూడోది కొట్టంగనే తువ్వాల మడిచి సంచిల పెట్టుకొని, నిలవడ్డోళ్లను పిలిచి కూసోవెట్టేది. ఒకపారి అడిగిన, ఆయన రారని తెల్వదా అక్కా, మూడో గంట దాక ఎందుకు ఆపుతవని."

"ఏమన్నది?"

కుల్సుమ్‌బీ కొంగు సర్దుకుంది. "'గంట కొట్టేది ఆయనే గద కుల్సుమ్, గది మోగితే ఇంక రారని తెలుస్తది' అన్నది. కోపంతోని గాదు సారూ. నవ్వుకుంటనే అన్నది."

రెండో గంట మోగింది. ఆయన తల అప్రయత్నంగా మెట్ల వైపు తిరిగింది. మెట్ల మీద ఎవరూ లేరు.

మైకులో నాగేశ్ గొంతు: "మన సుదర్శన్ సారు వేదిక మీదికి వచ్చి, వారి చేతులతోనే మూడో గంట కొట్టాలని కోరుకుంటున్నాం!" చప్పట్లు. నాలుగు వైపుల నుంచీ "పోండ్రి సార్, పోండ్రి" అన్నారు.

ఆయన లేచాడు. అందరికీ చేతులు జోడించాడు. మళ్లీ కూర్చున్నాడు.

గంట ఎవరో కొట్టారు. కుర్చీలో ఉండి వింటే అది చాలా పెద్దగా మోగింది.

గోడ పక్కన ఒకామె బిడ్డను చంకనేసుకొని నిలబడి ఉంది. సుదర్శన్ సారు రుమాలును చాలాసేపు చూశాడు. తర్వాత తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"రామ్మా, కూసో."

"ఎవరో వచ్చేదున్నట్టుంది గద సారూ?"

"లేదమ్మా. కూసో."

తెర లేచింది. రాజ్యం పోగొట్టుకున్న రాజు ముందుకొచ్చాడు. ముఖాన రంగు చెమటకు కరుగుతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పద్యం ఎత్తుకున్నాడు. చివరి మాట దగ్గర హార్మోనియం తగ్గింది. రాజు ఆ మాటను వదలకుండా పట్టుకొని, పొడుగ్గా తీసి, మెల్లగా దించాడు. అంట్లు తోముతూ ప్రేమలత తీసినట్టే, అచ్చంగా అంతే.

ఆమె తప్పు పాడలేదు.

"వన్స్ మోర్!" అని వెనక నుంచి కుల్సుమ్‌బీ అరిచింది. తనూ అనబోతూ పక్కకు తిరిగాడు. పక్క కుర్చీలో బిడ్డ ఆయన చొక్కా గుండీ పట్టుకొని ఆడుకుంటోంది. రాజు మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.