ముందుపలక

సిద్దమ్మ పొద్దున లేస్తూనే ముందు పెట్టెను చూసేది, తర్వాత మొగుణ్ని చూసేది. గోడవారగా బండల మీద ఉన్న ఆ మద్దిచెక్క పెట్టె కింద రాత్రికి రాత్రి పేరుకున్న చెదమన్నును చీపురుతో ఊడ్చి, చేటలోకెత్తి, బయట పారబోసేది. ఆ తర్వాత మంచం దగ్గరికొచ్చి మోనప్ప కాళ్ళు పిసికి, "తెలుస్తాండాదా?" అని అడిగేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. మొదట పాదాల్లో పోయిన స్పర్శ ఇప్పుడు మోకాళ్ళ దాకా పోయింది. ఇక లేచి పొయ్యి వెలిగించుకునేది. ఆయన తినడని తెలిసీ రొట్టె చేసేది. వడ్లోళ్ళ ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఊళ్ళో అనుకోకూడదు కదా.

బేతంచెర్లకు దగ్గరలో ఉన్న ఆ ఊళ్ళో వడ్రంగం చేసే వడ్లోళ్ళ పెట్టెల సంగతి అందరికీ తెలిసిందే. పనిముట్ల పెట్టె ఎలా ఉంటే దాని మనిషి అలా ఉంటాడు. మూత కీలు కిర్రుమంటే మనిషికి దగ్గు పట్టుకుంటుంది, కీలుకు ఆముదం పూస్తే తగ్గిపోతుంది. మోనప్ప పెట్టెను ఆయన తాత చేశాడు. తాత పోయాక నాయనతో, నాయన పోయాక మోనప్పతో అది పొత్తు కలుపుకుంది. ఇందులో వింతేముందో ఆ ఊరివాళ్ళకు అర్థం కాదు, అడిగినవాణ్నే వింతగా చూస్తారు. ఆత్మకూరులో ఒకాయన షోకు పడి కర్నూలు నుంచి పచ్చరంగు డబ్బా తెప్పించి పెట్టెకంతా పూసుకున్నాడట. ఆ సాయంత్రం తన ఇంటి ముందర తానే నిలబడి, "ఈడ వడ్లపని చేసేటోళ్ళు ఎవురన్నా ఉండారా?" అని అడిగాడట. ఆ కథ చెప్పుకుని ఊరంతా నవ్వుకునేది.

కర్నూలు రాజధాని అయిన ఏడు చుట్టుపక్కల వడ్లోళ్ళందరికీ చేతినిండా పని దొరికింది. ఆఫీసులకు బల్లలు కావాలి, కుర్చీలు కావాలి, బీరువాలు కావాలి. మోనప్ప కూడా రైలెక్కాడు. పెట్టెను ఇంట్లోనే ఉంచి, కావలసిన పనిముట్లు మాత్రం గోతంలో చుట్టుకుపోయాడు. ఆయనకూ సిద్దమ్మకూ ఒక్కతే కూతురు, గోవిందమ్మ. ఆరేళ్ళది. నడక వచ్చినప్పటి నుంచి దానికి ఆ పెట్టె మీద ఎక్కి కూర్చోవడమే ఆట. కాళ్ళు ఊపుతూ మడమలతో ముందుపలకను దబదబా కొట్టేది. కొట్టీ కొట్టీ పలక మీద నున్నటి గుంటలు పడ్డాయి. ఇక్కడ పిల్ల కొట్టినప్పుడల్లా కర్నూలులో మోనప్పకు రొమ్ము మీద ఎవరో తట్టినట్టుండేది. పని ఆపి ఒక్కడే నవ్వుకునేవాడు.

ఎండలు ముదిరే వేళకు పిల్లకు జ్వరమొచ్చింది. కబురు పోయింది. "ఒక్క బల్ల మిగిలిపోయింది, అయిపోతానే వస్తా" అని చెప్పి పంపాడు మోనప్ప. జ్వరంలోనూ పిల్ల పెట్టె మీదే పడుకుంటానని మారాం చేసి, పడుకునే మడమ ఆడించేది. కర్నూలులో రొమ్ము మీద ఆ చప్పుడు ఆగిపోయాక మోనప్ప బల్లను అలాగే వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఇల్లు చేరేసరికి పిల్లను పూడ్చి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. ఆయన ఏడవలేదు. గోతంలోంచి బాడిస తీసి, ముందుపలక మీద సరిగ్గా పిల్ల మడమల గుంటలున్న చోట ఒక్క వేటు వేసి, రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత పనికి పోలేదు. ఆ గాటులోంచి చెదలు దూరాయి.

ఏడాది తిరిగేసరికి కాళ్ళు పోయాయి. అప్పుడు సిద్దమ్మ మొగుడి మాట వినకుండా ఆయన చిన్నాయన శాంతయ్యను పిలిపించింది. పాత పెట్టెలు బాగుచెయ్యడంలో శాంతయ్యకు పేరుంది, నోటి దురుసులోనూ ఉంది. వస్తూనే పెట్టెను తలకిందులు చేసి, వేలితో అడుగుపలక నొక్కాడు. వేలు లోపలికి దిగబడింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తాండావమ్మీ? చెదలకు సంగటి పెడతాండావా?"

"మీ కొడుకు ముట్టనియ్యలేదు మామా. తిననీలే అంటాడు."

"వాడట్లే అంటాడు. వాని మాట వినేదానికి వాడు యాడుండాడు?" అని శాంతయ్య ముక్కుపొడుము పీల్చి, మూతను అంచు నుంచి అంచు దాకా తడిమాడు. "మూతకు ఎక్కలేదు. ఎక్కిందంటే ఇంక నన్ను పిలవొద్దు."

మూతంటే తల అని సిద్దమ్మకు ఎవరూ చెప్పనక్కర లేదు.

శాంతయ్యకు ఒక పట్టుదల ఉంది. బాగుచెయ్యడమంటే కొత్తగా చెయ్యడం కాదు, మునుపటిలా చెయ్యడం. కొత్త చెక్క వేస్తే మనిషి కొత్తవాడైపోతాడు. అందుకని ఊరంతా తిరిగి, కంబన్న ఇంటి గోడ కూలినప్పుడు పడిపోయిన పాత తలుపును అడిగి తెచ్చుకున్నాడు. దాన్ని కొలతకు కోసి, ఇనుపమేకు ఒక్కటీ కొట్టకుండా వెదురుమేకులతో అడుగున బిగించి, ఆముదం పట్టించాడు. మర్నాడు పొద్దున సిద్దమ్మ పిసికితే మోనప్ప కాలివేళ్ళు కదిలాయి. కాళ్ళయితే వచ్చాయి గాని, లేపి నిలబెడితే రెండూ కంబన్న వీధివైపే తిరిగేవి. అది పాత తలుపు గుణం, పోనుపోను సర్దుకుంటుందిలే అన్నాడు శాంతయ్య. ఆ ఒక్కరోజే ఆ ఇంట్లో కాస్త నవ్వు వినిపించింది. మోనప్ప మాత్రం నవ్వలేదు.

ముందుపలక దగ్గరే వచ్చింది చిక్కు. శాంతయ్య గాటులోని చెదను సన్న ఉలితో తోడేసి, వేపనూనె పోసి, సరిగ్గా సరిపోయే అతుకు చెక్కి దిగగొట్టాడు. తెల్లారేసరికి అతుకు ఊడి బండల మీద పడి ఉంది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. జిగురు మార్చాడు, చెక్క మార్చాడు. అతుకు లోపల ఉన్నంతసేపూ మోనప్ప రొమ్ము చేత్తో గీరుకుంటూ మూలిగేవాడు, అది ఊడిపోతే నిమ్మళంగా పడుకునేవాడు. ఇంతలో చెద గాటులోంచి పైకి, మూత అంచు దిక్కుగా, సన్నటి మట్టిదారి కట్టుకుంటూ పోతోంది. సిద్దమ్మ రోజూ దాన్ని తుడిచేది. అది రోజూ నిన్నటికంటే కొంచెం పైకి వచ్చేది.

"వానికి ఆ గాయం మానడం ఇష్టం లేదమ్మీ" అన్నాడు శాంతయ్య చివరికి. "ఇష్టం లేనోనికి అతుకు నిలవదు."

"పలకే మార్చేస్తే?"

"బతుకుతాడు. నువ్వెవురో వానికి తెలీదు. ఈ ఇల్లు యాడిదో తెలీదు."

"చిత్రిక పట్టి గాటు పోగొడితే?"

శాంతయ్య ముక్కుపొడుము డబ్బా మూత బిగించి పక్కన పెట్టాడు.

"గాటు శానా లోతుండాది" అన్నాడు. "పాప గుంటలు పైపైన ఉండాయి. చిత్రిక పడితే ముందర పోయేది పాప. గాటు అడుగు దాకా పోయేసరికి వానికి పాప ఉండదు."

సిద్దమ్మ వంగి ఆ గుంటలను బొటనవేలితో తడిమింది. పిల్ల మడమలు ఎప్పుడూ పగిలి గరుకుగా ఉండేవి, ఆముదం రాస్తానంటే పారిపోయేది. ఆ గరుకుతనమే చెక్కను ఇంత నున్నగా చేసింది. తన దగ్గర పిల్లది ఇంకేం మిగిలిందని? మంచం మీద మోనప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మెడ వెనక ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

"వాన్ని అడిగినావా?" అన్నాడు శాంతయ్య.

"అడిగితే వద్దంటాడు."

"మరి?"

"అందుకే అడగలేదు. ఒకరిని పూడ్చింది చాలు మామా నాకు."

"నా చెయ్యి రాదమ్మీ. గుర్తులు నిలబెట్టేదే నా పని. చెరిపే పని ఎప్పుడూ చేసినోణ్ని కాదు."

"నువ్వు చెయ్యొద్దు. ఎట్ల పట్టుకుంటారో చూపీ."

"ఆడోళ్ళు చిత్రిక ముట్టగూడదనేటోడు మా నాయన."

"ఆయన చూసేదానికి ఈడ లేడు గదా" అని సిద్దమ్మ కొంగు బిగించింది.

శాంతయ్య పెట్టెను వాకిట్లోకి లాగి, ముందుపలక ఆకాశం చూసేలా పండబెట్టి, చిత్రిక ఆమె చేతిలో పెట్టి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి ఒక్కసారి తోసి చూపించాడు. తర్వాత చేతులు తీసేసుకుని పక్కకు జరిగాడు. సిద్దమ్మ తోసింది. ఏళ్ళనాటి మురికి, చమురు నల్లటి పొరగా లేచి చుట్ట చుట్టుకుని కింద పడింది. ఇంకోసారి తోసింది.

"గోయిందీ, కాళ్ళూపొద్దు, నిద్రపోనీ" అన్నాడు మోనప్ప ఇంట్లోంచి.

సిద్దమ్మ చేతులు ఆగాయి. ఏడాదిగా ఆయన ఆ పేరు పలకలేదు. ఇప్పుడు పలికాడు, విసుగ్గా, ముద్దుగా, మునుపటి గొంతుతో. ఆపెయ్యాలనిపించింది. ఆ గొంతు ఇంకొక్కసారి వినాలనిపించింది. అలాగే నిలబడి ఎదురుచూసింది. ఇంట్లోంచి ఇంకే మాటా రాలేదు. మూత అంచు దగ్గరి దాకా వచ్చిన మట్టిదారి కనపడింది. తోసింది.

చిత్రిక పోతూ ఉంటే గుంటలు పలచబడ్డాయి. మొదట పెద్దవాళ్ళ అరచేయంత ఉన్నవి రూపాయంతయ్యాయి, తర్వాత వేలితో తడిమితే తప్ప తెలియనట్టయ్యాయి. "ఎవురే అది తలుపు తడతాండేది?" అని అడిగాడు మోనప్ప. ఇంకాసేపటికి ఆ అడగడమూ లేదు. పలక మీద గుంటల జాడే లేదు. గాటు మాత్రం నల్లగా నోరు తెరుచుకుని అలాగే ఉంది.

అప్పుడు ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. పిల్ల పోయిన రోజు ఏడవని మనిషి ఇప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"సిద్దమ్మా! యాల ఏడుస్తాండానే నేను? ఎవురు పోయినారు?"

సిద్దమ్మ శాంతయ్య వైపు చూసింది. ముసలాయన కళ్ళు తుడుచుకోకుండానే, "ఈడ ఆపితే ఇంక జీవితమంతా ఇట్లే ఏడుస్తాడు, ఎందుకో తెలీకుండా. కానియ్యి, కానియ్యి తల్లీ" అన్నాడు.

"ఎవురూ పోలేదు" అని సిద్దమ్మ ఇంటివైపు గట్టిగా కేక వేసింది. తన గొంతు తనకే అసహ్యమేసింది. చిత్రిక మీద ఒళ్ళంతా ఆనించి తోసింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. పలక సగానికి సగం పలచబడింది. గాటు గీతయింది, గీత మచ్చయింది, మచ్చ పోయింది. ఇంట్లో ఏడుపు వెక్కిళ్ళయి, వెక్కిళ్ళు నిట్టూర్పయి ఆగిపోయింది.

శాంతయ్య వచ్చి పలకను తడిమాడు. ఎక్కడా చేతికి ఏమీ తగల్లేదు. చెద మిగల్లేదు. ఆముదం పట్టించకుండానే తన సంచి భుజాన వేసుకున్నాడు.

"బాగయింది" అన్నాడు, "దీన్ని చేసిన మా నాయనే చూస్తే ఎవురి పెట్టె అని అడుగుతాడు." వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సిద్దమ్మ చెక్కపొరల మధ్య కూలబడి ఉంది. మోనప్ప గడప దాటి తానే నడిచి వచ్చాడు, కొంచెం కంబన్న వీధివైపుకు ఒరుగుతూ. మొహం తేటగా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టుంది.

"ఆకలవుతాండాదే" అన్నాడు. "నువ్వేంది ఇట్ల కూచున్నావు, చేతులు చూడు ఎట్లయినాయో! లేయొద్దు, లేయొద్దు. నేను చేస్తా."

కిందపడ్డ పొరలన్నీ రెండు చేతులా దోసిట పట్టి లోపలికి తీసుకుపోయాడు. సిద్దమ్మ "వద్దు" అనబోయింది. ఎందుకొద్దని అడిగితే ఏం చెబుతుంది? గడప మీద నుంచి చూస్తూ ఉండగానే ఆయన వాటిని పొయ్యిలో కుక్కి అంటించాడు. చమురు పట్టిన పొరలు భగ్గున మండాయి. ఆ మంట మీద, ఈల వేసుకుంటూ, వంకరటింకర రొట్టెలు కాల్చి, ఊరిబిండి పచ్చడి వేసి తెచ్చి ఆమె ముందర పెట్టాడు. అప్పటికి ఆమె కళ్ళు ధారకట్టి ఉన్నాయి. ఆపుకోవాలని కూడా తోచలేదు.

మోనప్ప పక్కన కూర్చుని, ఆమె పగిలిన అరచేయి తన చేతిలోకి తీసుకున్నాడు.

"పిల్లలు లేరనేనా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఎప్పుడూ అదే దిగులు పెట్టుకుంటే ఎట్లనే? మనకేమన్నా వయసు మీరిపోయిందా? దేవుడు ఇచ్చేటప్పుడు ఇస్తాడు. ఆడపిల్ల పుడితే మీ అమ్మ పేరు పెట్టుకుందాం. గోవిందమ్మని."

"పెట్టుకుందాం" అని సిద్దమ్మ రొట్టె తుంచుకుంది.