లైటు పట్టుకునే మనిషి

“నువ్వలా నిలబడు, లైటు చూస్తాను.”

మా ఆయన నాతో అన్ని మాటల కంటే ఎక్కువసార్లు అన్న మాట ఇదే. పెళ్ళయిన కొత్తలో ఈ మాటకి మురిసిపోయేదాన్ని. ఫోటోగ్రాఫర్ని చేసుకున్నాను, నన్ను నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాడు, ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని. ఆయన చూస్తున్నది నన్ను కాదు, నా ముఖం మీద పడే వెలుగునని తెలియడానికి కొంతకాలం పట్టింది. మావన్నీ ఆరుబయట తీసే ఫోటోలు. పెళ్ళి కుదిరిన జంటలు, కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు వస్తుంటారు. వాళ్ళు ముస్తాబై వచ్చేలోపు నేను ఎండకి వీపు పెట్టి నిలబడాలి. ఆయన ఎడమచేత్తో ఫ్లాషు చాపి పట్టుకుని, కుడిచేత్తో కెమెరా నొక్కుతూ, నా ముఖం తేటగా కనిపించేదాకా హెచ్చించీ తగ్గించీ చూసుకుంటారు. “నీ ముఖానికి చాలితే ఇంకెవరి ముఖానికైనా చాలుతుంది,” అని వచ్చినవాళ్ళ ముందే అంటారు. నా ఒంటి రంగు మీద హాస్యం అది. వాళ్ళు నవ్వుతారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వేదాన్ని. ఆ తర్వాత నా చోట్లో వాళ్ళు నిలబడతారు, ఫ్లాషు నా చేతికొస్తుంది. ఇంటికొచ్చి ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా నాదే కాబట్టి, మొదట వరసగా ఉన్న నా ముఖాలన్నిటినీ నేనే తుడిచేస్తాను.

చెయ్యెత్తి ఫ్లాషు పట్టుకోవడం చూసేవాళ్ళకి పనిలా కనిపించదు. ముక్కు కింద నీడ ఎటు పడుతోందో చూసుకుంటూ, జంట కదిలినప్పుడల్లా నేనూ కదలాలి. పిల్ల తల తిప్పితే నేను మోకాళ్ళ మీద కూర్చోవాలి. “సారు చేతిలో ఏదో మహిమ ఉంది,” అంటారు అందరూ. సారు చేతిలో కెమెరా ఉంది, నా భుజంలో నొప్పి ఉంది. ఒకసారి వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకుంటుంటే మా అత్తగారు చూసి, “ఊరికే నిలబడ్డానిక్కూడా భుజం నొప్పేంటమ్మా?” అన్నారు. స్టాండు కొందామండీ అని ఆయన్ని అడిగితే, “స్టాండుకి అటు జరుగు, ఇటు జరుగు అంటే వింటుందా?” అన్నారు. నేను వింటానని అంత నమ్మకం.

ఈ మధ్య పాత ఫ్లాషు మొరాయించడం మొదలుపెట్టింది. వెలగాల్సినప్పుడు వెలగదు, ఎవరూ నొక్కకపోయినా వెలుగుతుంది. కొత్తది కొందామని ఇద్దరం కెమెరాల షాపుకి వెళ్ళాం. “ఎండలో మనుషుల్ని తీయడానికా సార్?” అని షాపతను ఆయన్ని అడిగి, మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. చిన్నది కెమెరా నెత్తినే కూర్చుంటుంది, తేలిక, కానీ ముఖం గోడలా చదునుగా వస్తుందట. పెద్దదానికి బ్యాటరీ వేరే ఉంది, మిట్టమధ్యాహ్నపు ఎండతోనైనా పోటీ పడుతుంది. చంటిపిల్లంత బరువుంది. మధ్యది రెంటికీ మధ్యరకం. ఆయన చెయ్యి పెద్దదాని మీదకే పోయింది.

“అది చేత్తో పట్టుకోవడం కష్టం సార్. స్టాండు మీద పెట్టి, కింద ఇసుక సంచి కట్టుకోండి. గాలొచ్చినా కదలదు.”

“స్టాండెందుకండీ, మా ఆవిడ ఉంది. ఇసుక సంచి కూడా అక్కర్లేదు.”

షాపతను నవ్వాలో వద్దో తేలక నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. అమ్మ పోయినప్పటి నుంచీ ఇలాంటి వాటికి నవ్వడం నాకు చాతకావడం లేదు.

కిందటేడాది అమ్మ మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. వెళ్ళేముందు మొహమాటపడుతూ అడిగింది, “నేనొక్కదాన్నే ఉన్న ఫోటో ఒకటి తీయిస్తావే?” అని. అమ్మ ఫోటోలన్నిటిలోనూ పక్కన ఎవరో ఒకరు ఉంటారు, లేదా చంకలో ఎవరో ఒకరు ఉంటారు. చెరువు పక్క పార్కులో మాకు పని ఉన్న రోజున వెంట తీసుకెళ్ళాను. జంట వెళ్ళిపోయేదాకా బెంచీ మీద కూర్చుని, చిన్న అద్దంలో నాలుగుసార్లు తల సర్దుకుంది. “రండత్తయ్యా, అక్కడ నిలబడండి,” అన్నారాయన. ఎండ అమ్మ వెనకుంది. అలవాటుగా ఫ్లాషు ఎత్తాను. “ఇంటివాళ్ళకెందుకోయ్? బ్యాటరీ దాచు, ఇంకో జంట వస్తోంది. ముఖం కంప్యూటర్లో తెల్లగా చేసుకోవచ్చులే,” అన్నారు. నేను చెయ్యి దించేశాను.

ఆయన ఒక్కసారి నొక్కి కెమెరా చూపించారు. ఆ ఎండలో అమ్మకి తెర మీద ఏం కనిపించిందో ఏమో, “చాలా బాగుంది బాబూ,” అంది. ఊరికెళ్ళి అందరికీ చెప్పుకుందట, మా అల్లుడు నన్నొక్కదాన్నే నిలబెట్టి తీశాడని. అమ్మ పోయాక ఆ ఫోటో తెరిచాను. వెనక చెరువు ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. నీళ్ళ మీద ప్రతి తళుకూ కనిపిస్తోంది. అమ్మ ముఖమే లేదు, నల్లగా ఒక ఆకారం ఉంది. వెలుగు పెంచితే కళ్ళు వస్తాయేమోనని చూశాను. ఎంత పెంచినా బూడిదరంగు చుక్కలే వచ్చాయి. ఊరందరి ముఖాల మీదా వెలుగు పట్టిన చెయ్యి నాది. మా అమ్మ ముందు దించేశాను.

“బయటికొచ్చి ఎండలో చూసుకోండి సార్,” అంటూ షాపతను మధ్యరకం ఫ్లాషుని స్టాండుకి బిగించి, షాపు ముందు కాలిబాట మీద నిలబెట్టాడు.

“నువ్వలా నిలబడు,” అన్నారాయన.

ఎండకి వీపు పెట్టి నిలబడ్డాను. ఫ్లాషు మెరిసింది. వాళ్ళిద్దరూ తల ఒంచి తెర చూసుకుంటున్నారు. ఎప్పుడూ లేనిది నేనూ దగ్గరికెళ్ళి, తెరకి చెయ్యి అడ్డం పెట్టి చూశాను. అందులో అమ్మ ఉంది. ఆ నుదురు, కళ్ళ కింద ఆ ముడతలు, బాగుంది అనబోతున్నట్టుండే ఆ పెదాలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఇంతకాలం పనైపోగానే నేను తుడిచేస్తూ వచ్చింది ఈ ముఖాన్నేనా అనిపించింది.

ఆయన బొటనవేలు తుడిచే మీట మీదకి వెళ్ళింది.

“ఉంచండి,” అన్నాను.

“లైటు చూసుకోవడానికేగా తీసింది.”

“అయినా ఉంచండి.” షాపతని వైపు తిరిగి, “ఈ మధ్యరకమే ఇవ్వండి. ఈ స్టాండూ, ఇసుక సంచీ కూడా,” అన్నాను.

“స్టాండెందుకు? నువ్వున్నావుగా?” అన్నారాయన.

“నేనున్నాను కాబట్టేనండీ.”

గొంతు పెంచలేదు. ఆయన నన్ను చూశారు, ఈసారి లైటుని కాదు. ఇంత చిన్న మాట. అమ్మ తల సర్దుకుని చెరువు గట్టున నిలబడ్డ రోజునే నా నోట్లోంచి రావాల్సింది.