గేరు పళ్ల మీద బొట్లు

ఆ రోజు బండిని కదిలించింది త్రికోటేశ్వరస్వామా, సాల్మన్ రాజా? పద్నాలుగేళ్లుగా ఈ సంగతి శివరామయ్యకు తేలలేదు. దేవుడి గదిలో కూర్చుంటే స్వామేననిపిస్తుంది. చేతికి గ్రీజు అంటినప్పుడు మాత్రం అంత గట్టిగా అనలేడు. అడుగుదామంటే, అడగవలసిన మనిషి ఒక్కడే. ఆ మనిషికి ఎదురుపడే ముఖం తనకు లేదు.

అది శివరాత్రి నాటి మాట. ఊరివాళ్లు వెదురుబొంగులతో కట్టి అలంకరించిన చిన్న ప్రభను కోటప్పకొండకు లాక్కుపోతున్నది శివరామయ్య ట్రాక్టరే. ఒకే సిలిండరు బండి, మిరప సాళ్ల మధ్య పట్టేంత చిన్నది. కొండ ఇంకా మూడు మైళ్లుందనగా ఆగిపోయింది. వెనక ప్రభలవాళ్లు ఒకటే కేకలు. శివరామయ్య స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బండి కదిలితే ప్రాణమున్నంతకాలం ఏటా కొండకు నడిచే వస్తానని మొక్కుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఇంజను మోగుతోంది. పక్కన సాల్మన్ రాజు చేతులు తుడుచుకుంటున్నాడు.

సాల్మన్ రాజుదీ శివరామయ్య ఊరే. పొలాల్లో డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆ రోజు ఇంటికి పోయే ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. అతను బండి కింద దూరి ఉండగానే ఆ ఆటో వచ్చి వెళ్లిపోయింది.

"తిరిగొచ్చేటప్పుడు నన్ను ఎక్కించుకుపోండి" అన్నాడు.

"ఇక్కడే ఉండు, ఎక్కించుకోకుండా పోతానా?" అన్నాడు శివరామయ్య.

అన్నవాడు దర్శనం సంబరంలో పడి, జనంతోపాటు వేరే దారిన ఇల్లు చేరాడు. సాల్మన్ రాజు పొద్దుగూకేదాకా అక్కడే నిలబడి, తొమ్మిది మైళ్లు నడిచి వచ్చాడని మర్నాడు తెలిసింది. ఆ మర్నాడే వెళ్లి పొరపాటయిందని అంటే సరిపోయేది. వారం గడిచింది, సిగ్గేసింది. ఏడాది గడిచాక ఇక ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. స్వామికిచ్చిన మాట ప్రకారం ఏటా నడుస్తూనే ఉన్నాడు. మనిషికిచ్చిన మాట అట్లాగే మిగిలిపోయింది.

ఇప్పుడా బండి ఇంజను రేకుల షెడ్డులో గోనెపట్టాల మీద ముక్కలుగా పరచి ఉంది. నల్లగా పొగ వదులుతూ, డీజిలుతో పోటీపడి ఆయిలు తాగుతుంటే, మెకానిక్కు చెప్పిన ఖర్చు విని గుండె ఆగినంత పనై, సెల్‌ఫోనులో వీడియోలు చూసుకుంటూ శివరామయ్యే విప్పాడు. నరసరావుపేట నుంచి కొత్త లైనరు, పిస్టను, రింగులు తెచ్చాడు. మూడు వారాలయింది.

భార్య తమ్ముడు కోటేశ్వరరావు వచ్చి చూసి నవ్వాడు.

"బావా, ఇది బండి కాదు, పాతినుము. ఆదివారం సాయంత్రం పిడుగురాళ్ల నుంచి మనిషిని తీసుకొస్తా. అప్పటికి స్టార్టయిందా, నీ బండి నీది. కాలేదా, తూకానికి ఇచ్చెయ్."

"అట్టాగే" అన్నాడు శివరామయ్య. సాళ్లలో కలుపు లేస్తోంది, అది ఒక దిగులు. ఆ రోజు ఏం జరిగిందో సాల్మన్ రాజుకు కాక తెలిసింది ఈ ఇంజనుకే. అది కరిగి కడ్డీలైపోతే ఎట్లా అన్నది రెండో దిగులు.

శనివారం పొద్దున స్నానం చేసి, స్వామికి దణ్ణం పెట్టుకుని షెడ్డులోకి వచ్చిన శివరామయ్య గోనెపట్టా ముందు కొయ్యబారిపోయాడు.

ఇంజనులో రెండు గేర్లు ఒకదాన్నొకటి కరుచుకుని తిరుగుతాయి. చిన్నది పిస్టన్ని ఆడిస్తుంది, పెద్దది వాల్వులను. ఏ పన్ను ఏ పళ్ల మధ్య కూర్చోవాలో లెక్క తప్పితే పిస్టను వెళ్లి వాల్వును గుద్దుతుంది. కంపెనీ కొట్టిన గుర్తులు ఉండేవే గానీ, ఒకప్పుడు పెద్ద గేరు విరిగితే వేరే బండిది వేశారు, ఆ గుర్తు దీనికి కుదరదు. అందుకే విప్పేముందు శివరామయ్య సొంతంగా గుర్తులు పెట్టుకున్నాడు. ఇంట్లో రంగు లేక, దేవుడి దగ్గరి కుంకుమ నూనెలో కలిపి దీనికొక చుక్క, దానికొక చుక్క పెట్టాడు. ఫోనులో ఫోటో కూడా తీశాడు. అందులో అతని బొటనవేలు చక్కగా పడింది.

ఇప్పుడు గేర్లన్నీ తళతళలాడుతున్నాయి. ప్రతి గేరుకూ పసుపు రాసి ఉంది. ప్రతి గేరుకూ మూడేసి బొట్లు. పిస్టనుకూ, ఆయిలు పంపుకూ, పక్కనున్న బండి మడ్‌గార్డుకూ, చివరికి సుత్తికీ బొట్లే.

"ఏమే! వీటిని ఎవరు ముట్టుకుంది?"

భార్య రాఘవమ్మ చేట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నేనే. నిన్న శుక్రవారం కాదూ? నువ్వేమో రెండిటికి బొట్టు పెట్టి తక్కినవాటిని వదిలేశావు. దేవుడి దగ్గర ఆ సగం పని ఏంది? అన్నిటినీ కిరసనాయిలుతో తుడిచి, శుభ్రంగా పెట్టా."

"అది బొట్టు కాదే, గుర్తు!"

"కుంకంతో పెడితే బొట్టు కాక ఏందయ్యా?"

ఆలోచించిన కొద్దీ శివరామయ్యకు ఆవిడన్నదే సబబనిపించింది. దేవుడి కుంకుమను రంగుడబ్బాలా వాడింది తను. స్వామికి కోపం వచ్చి ఆవిడ చేత తుడిపించాడా? లేక పెట్టిన మూడింటిలో అసలైనది ఒకటి ఉందా, తనే కనిపెట్టాలా? చిన్న గేరు మీద మూడు, పెద్దదాని మీద మూడు. ఏది దేనితో కలిపినా తప్పే కావచ్చు, ఒప్పే కావచ్చు. పళ్లు లెక్కపెట్టాడు. ఒకసారి యాభైనాలుగు వచ్చాయి, ఇంకోసారి యాభైమూడు.

మధ్యాహ్నానికి ముక్కలన్నీ కూర్చి, ధైర్యం చేసి, "స్వామీ నీదే భారం" అని ఒక బొట్టుకు ఒక బొట్టు కలిపి బిగించాడు. చేత్తో మెల్లగా తిప్పాడు. సగం తిరిగి 'ఠక్' మని ఆగింది. వెనక్కి తిప్పి, ఇంకో బొట్టుకు కలిపాడు. మళ్లీ ఠక్. మూడోదానికి తిప్పబోయి, గేరు వదిలేసి కూర్చుండిపోయాడు.

రాఘవమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ ముఖమూ వాడిపోయి ఉంది. "సాల్మన్ రాజుని పిలవకూడదూ?" అంది నెమ్మదిగా.

"ఎవరినైనా పిలుస్తా గానీ..."

"గానీ ఏంది? కొండకు నడిచిపోయే కాళ్లకు చర్చి వీధి దూరమా?"

ఆదివారం ప్రార్థన అయ్యేదాకా చర్చి ఎదుట వేపచెట్టు కింద నిలబడ్డాడు శివరామయ్య. తెల్లచొక్కా వేసుకుని, భార్య ఫిలోమినా వెంట బయటికొచ్చిన సాల్మన్ రాజు కళ్లు చికిలించి చూశాడు. వయసు మీదపడి చూపు మందగించింది.

"ఎవరూ, శివరామయ్యగారా? దారి తప్పారా ఏంది?"

"గేర్లకు గుర్తులు పోయినయ్యి రాజూ. మా ఇంటిది బొట్లు పెట్టింది."

విషయమంతా విని సాల్మన్ రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పాత సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవటమే శివరామయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

షెడ్డులోకి రాగానే తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "గుర్తులు మనకి, ఇంజనుకి కాదు. పొగ పోయే వాల్వు మూసుకుంటా, గాలొచ్చే వాల్వు తెరుచుకుంటా, రెండూ ఒక్క క్షణం కలిసే చోటు ఒకటుంటది. అప్పుడు పిస్టను పైనుండాలి. అంతే."

పెద్ద గేరును వెనక్కి లాగి, ముందు పిస్టన్ని కిందికి దించమన్నాడు. తర్వాత ఇంజను పైభాగంలోని హెడ్డు మీద, రెండు వాల్వులను నొక్కే చేతుల పైనా చెరొక వేలు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. "పెద్ద గేరు తిప్పండి. మెల్లగా."

శివరామయ్య తిప్పుతూ అతని ముఖంలోకి చూశాడు. పెదవులు కదులుతున్నట్టున్నాయి.

"ప్రార్థన చేస్తన్నావా?"

"కళ్లు ఆనవు, వేళ్లతో చూస్తన్నా. ఆపండి! అక్కడే. ఇప్పుడు పిస్టన్ని పైకి తెచ్చి గేరు నెట్టండి."

గేరు లోపలికి జారి కూర్చుంది. చేత్తో రెండు చుట్లు తిప్పారు. ఠక్ మనలేదు. శివరామయ్య వంగి చూశాడు. కలిసిన పళ్ల మీద ఒక వైపు బొట్టుంది, రెండో వైపు లేదు. దీన్నెట్లా అర్థం చేసుకోవాలో తెలియలేదు.

మూతలు బిగిస్తూ, ఇక ఉండబట్టలేక అడిగాడు. "ఆ శివరాత్రి నాడు బండిని కదిలించింది ఎవరు రాజూ?"

"పైపులో గాలి చేరింది. తీశా."

"అంతేనా?"

సాల్మన్ రాజు స్పానరు ఆపాడు. "చానాసార్లు నేనూ అనుకున్నా. నేనెక్కే ఆటో గంట ముందే రావాల. రోజూ ఆ టయానికి వచ్చేది, ఆ రోజు రాలా. ఎందుకు ఆలస్యమైందో నాకు తెలవదు. మీకు తెలిస్తే చెప్పండి."

శివరామయ్యకు ఉన్న ఒక అనుమానం రెండయింది.

నాలుగు గంటలకు కోటేశ్వరరావు పిడుగురాళ్ల మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంజను బండికెక్కి ఉంది. శివరామయ్య తాళం తిప్పాడు. గిరగిర తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్లీ తిప్పాడు. లేదు.

"బ్యాటరీని ఎందుకు చంపుతావు బావా? తాడు కట్టనియ్" అన్నాడు కోటేశ్వరరావు.

"ఆగండాగండి" అన్నాడు సాల్మన్ రాజు. చేతిలో స్పానరు శివరామయ్యకు ఇచ్చాడు. "పైపులో గాలుంది. ఈసారి మీరు తియ్యండి."

పంపు మీది నట్టు వదులు చేశాడు శివరామయ్య. డీజిలు బుడగలు బుడగలుగా ఉబికింది. వేళ్లు గాలి తీస్తుంటే నోరు దానంతటది "స్వామీ, స్వామీ" అంటోంది. ఆపుదామా అనుకున్నాడు, ఏది ఆపాలో తెలియలేదు. బుడగలు పోయి డీజిలు సన్నటి ధారయింది. నట్టు బిగించి తాళం తిప్పాడు.

ఒక దగ్గు. ఇంకో దగ్గు. తర్వాత టకటకటక మని అందుకుంది. తెల్లటి పొగ రేకుల కిందుగా సాగి బయటికి పోయింది. రాఘవమ్మ గుమ్మంలోనే కొండవైపు తిరిగి దణ్ణం పెట్టింది. తర్వాత కాసేపు తటపటాయించి, సాల్మన్ రాజు వైపు కూడా చేతులు జోడించింది.

"అక్కా, నీ బొట్లే పనిచేసినట్టున్నాయే" అన్నాడు కోటేశ్వరరావు. పిడుగురాళ్ల మనిషి తాడు చుట్టుకున్నాడు.

సాల్మన్ రాజు తెల్లచొక్కా తొడుక్కుని చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు. శివరామయ్య సీటు మీద నుంచే పిలిచాడు.

"ఎక్కు రాజన్నా. ఎక్కించుకుపోతానన్నాగా."

"ఇప్పుడొచ్చిందా మీ తిరుగుప్రయాణం? నేనింకా అక్కడే నిలబడి ఉంటే ఏమయ్యేవాణ్ణి!" అంటూ సాల్మన్ రాజు మడ్‌గార్డు మీదికెక్కి కూర్చున్నాడు.

ఊరి మధ్యగా, చర్చి వీధి చివరిదాకా, ఇంటి గుమ్మం ముందే ఆపాడు శివరామయ్య. ఇంజను చప్పుడుకు ఫిలోమినా బయటికొచ్చింది. దిగిన మొగుడి తెల్లచొక్కా వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది. మడ్‌గార్డుకు పెట్టిన బొట్టు చొక్కా అంచుకు ఎర్రగా అంటుకుని ఉంది.

"అదేంది, బొట్టా?"

"కాదు" అన్నాడు సాల్మన్ రాజు. "గుర్తు."

తర్వాత సీటు మీదున్న శివరామయ్య వైపు తిరిగి, మడ్‌గార్డు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. "ఇంక బాకీ లేదు. జాగ్రత్తగా పో, తమ్ముడూ."