మూడో వరుసలో లేని చుక్క

గాజాలో కెప్టెన్ అమరేందర్‌కు రోజు ముగ్గుతో మొదలయ్యేది. చిట్యాలలో అతని భార్య మంజులత పొద్దున్నే లేచి, వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గేస్తే, ఇక్కడ అతని గుడారం ముందు ఇసుక తడిసి అదే ముగ్గు పడేది. చిట్యాలలో పొద్దు ముందు పొడుస్తుంది కాబట్టి ఇతను నిద్ర లేచేసరికే అంతా అయిపోయి ఉండేది. ఐక్యరాజ్యసమితి తరఫున సరిహద్దు కాయడానికి మన పటాలం వచ్చిన కొత్తలో పక్క శిబిరం స్వీడన్ సిపాయిలు తెలియక దాన్ని తొక్కారు. బూట్లకు పేడ వాసన పట్టుకునేసరికి వాళ్లే బుద్ధిగా చుట్టూ తిరిగి రావడం నేర్చుకున్నారు.

తొక్కినవాళ్లలో అమరేందర్ కూడా ఉన్నాడు. నెల తిరక్కుండానే తల్లి లక్ష్మీనర్సమ్మ ఎవరితోనో రాయించి ఉత్తరం పంపింది. 'నీ బూట్ల గుర్తులు మన ముగ్గు మీద పడుతున్నయి. అది వాకిలనుకున్నవా, కవాతు చేసే జాగా అనుకున్నవా?' అని అందులో ఉంది. అప్పటి నుంచి అతను రోజూ బూటు విప్పి, ముగ్గు మూల మీద ఉత్త మడమ ఒకసారి ఆనించేవాడు. నేను బాగున్నాను, ఫికరు పడకండి అని దానర్థం. తర్వాత మగ్గెడు నీళ్లతో గడ్డం గీసుకుని, ఇసుక కలిసిన రొట్టె తిని, మనుషులను వెంటేసుకుని గస్తీకి పోయేవాడు.

మంజులత ముగ్గులో ఒక తప్పు ఉండేది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మూడో వరుసలో ఒక చుక్క మర్చిపోయేది. సరిగ్గా ఆ వరుసకు వచ్చేసరికి నార్కట్‌పల్లి పోయే మొదటి బస్సు హారను కొడుతుంది, ఈమె తలెత్తి చూస్తుంది. చుట్టూ మెలికలు తిరగాల్సిన గీత ఆ ఖాళీలోంచి నిటారుగా దూసుకుపోతుంది. అత్తగారు ఊరుకునే మనిషి కాదు. చిన్నప్పుడు రోకలి పడి వంకరపోయిన కాలి బొటనవేలితో ఆ జాగా చూపిస్తూ, "గీడ చుక్క ఏడవోయిందే? బస్సెక్కి పోయిందా?" అని వాడకంతా వినపడేలా అడిగేది. మంజులత తలొంచుకుని నవ్వేది గానీ, ఆ నవ్వులో బాధ ఉండేదని అమరేందర్‌కు తెలుసు. ఇద్దరి మధ్యా నోరు మెదపలేకపోయేవాడు.

ఒకరోజు గుడారం ముందు ఇసుక పొడిగా ఉంది. ముగ్గు లేదు.

"సార్, ఇయ్యాల ముగ్గు వడలే," అన్నాడు హవల్దారు బాలస్వామి. అతనిది కోస్గి. "ఇంటికాడ అంత మంచిగనే ఉన్నదా?"

అమరేందర్ జవాబు చెప్పేలోపే కాపలా సిపాయి పరుగున వచ్చాడు. పాత యుద్ధంలో మందుపాతరలు పెట్టి వదిలేసిన ఇసుక పర్రలోకి ఒక మేక పోయిందట. దాని వెనకే మేకలు కాచే ముసలమ్మ కూడా పోయిందట. సగం దూరం పోయాక తను ఎక్కడుందో తెలిసివచ్చి అక్కడే నిలబడిపోయింది.

అందరూ కంచె దగ్గరికి ఉరికారు. పాతరలు తీసే ఇంజనీర్లు వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. ముసలమ్మ కాళ్లు అప్పటికే వణుకుతున్నాయి. ఒక్క అడుగు అటో ఇటో తూలితే ఆమె మిగలదు.

అప్పుడు కనిపించింది ముగ్గు. కంచె కాడి నుంచి ముసలమ్మ దాకా, పర్ర నిండా పరుచుకుని ఉంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక అంగ దూరం. వాటిని తాకకుండా తెల్లటి గీత మెలికలు తిరుగుతూ పోయింది.

"చుక్క మీద అడుగేయాల్నా సార్, గీత మీదనా?"

"గీత మీదనే. ముగ్గుల గీత చుక్కను ముట్టుకోదు," అని అమరేందర్ కంచె దాటాడు.

"జర పైలం సార్!"

మొదటి వరుస దాటాడు. రెండోదీ దాటాడు. మూడో వరుసలో గీత నిటారుగా ముందుకు పోయింది. సుఖమైన దారి. కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఆగిపోయింది. గీడ చుక్క ఏడవోయిందే?

మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీగా ఉన్న ఆ జాగాలో బాయ్‌నెట్ మొన ఏటవాలుగా గుచ్చాడు. గట్టిగా ఇనుము తగిలింది. లేచి, అక్కడ చుక్క ఉన్నట్టే అనుకుని దాని చుట్టూ మెలిక తిరిగి ముందుకు పోయాడు.

ముసలమ్మ మేకను వదిలి రానంది. అరబ్బీలో ఏమందో గానీ, ఆ గొంతు అచ్చం లక్ష్మీనర్సమ్మదే. మారు మాట్లాడకుండా మేకను భుజాన వేసుకున్నాడు. అతని అడుగుల్లో అడుగు వేస్తూ, దారి పొడవునా తిడుతూ వచ్చింది ముసలమ్మ. మూడో వరుసలో అతను మెలిక తిరిగితే ఆమె కూడా తిరిగింది. కంచె దాటగానే సిపాయిలు ఈలలు వేశారు, టోపీలు ఎగరేశారు. స్వీడన్ వాళ్లు అమరేందర్‌ను మేకతో సహా పైకెత్తారు. ముసలమ్మ మాత్రం అతని బుగ్గలు రెండూ పట్టుకుని ఏడ్చింది. అతనికీ ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నం ఇంజనీర్లు వచ్చి తవ్వితే ప్రతి చుక్క కిందా పాతర దొరికింది. లేని చుక్క కింద కూడా. సాయంత్రం కర్నల్ పిలిపించాడు.

"దారెవరు చూపించారు?"

"మా ఆవిడ ముగ్గు సార్."

"చూశాను. చెయ్యి బాగా తిరిగింది," అన్నాడు కర్నల్. "మూడో వరుసలో ఒక్క చుక్క తప్పింది."

"అవును సార్," అన్నాడు అమరేందర్ గర్వంగా.

మర్నాడు గుడారం ముందు ఇసుక తడిగా ఉంది. పేడ వాసన వస్తోంది. ముగ్గు తిరిగొచ్చింది. అతను ముందుగా మూడో వరుస చూశాడు. నిన్నటి అడుగులు చిట్యాల వాకిట్లో కూడా పడి ఉంటాయి. బూట్లు అక్కడ ఆగి, మోకాళ్లు ఆని, చుట్టు తిరిగిపోవడం ఇంట్లోవాళ్లు చూసే ఉంటారు. మంజులత భయపడి ఇవాళ ఆ చుక్క మర్చిపోకుండా పెట్టింది.

కానీ పెట్టిన చుక్కను ఎవరో చెరిపేశారు. పిండి పక్కకు తోసుకుపోయి ఉంది.

బాలస్వామి వంగి చూశాడు. "కాలి వేలితోని చెరిపిండ్రు సార్. వేలు జర వంకరున్నట్టుంది. ఎవరిది?"

అమరేందర్ కూడా పక్కనే వంగాడు.

"మా అమ్మది," అన్నాడు. బూటు విప్పి, ఆ వంకర గుర్తు పక్కనే తన బొటనవేలు ఆనించాడు.