గాజు గీరిన బొటనవేలు

శాలిబండ సందులో విమలాదేవి గాజుల దుకాణానికి వచ్చే ఆడవాళ్లంతా ఆమె కోడలి చేతే తొడిగించుకుంటామని పట్టుబడతారు. ఇంద్రజ చెయ్యి అంత మెత్తన. ఎదుటి మనిషి అరచేతిని ముడిచి, కాస్త సబ్బు నురగ రాసి, పక్కింటి ముచ్చట ఒకటి అడుగుతుంది. ముచ్చట సగంలో ఉండగానే డజను గాజులు మణికట్టు దాటేస్తాయి. ఎప్పుడైనా గాజు చిట్లి రక్తం కనిపిస్తే, అవతలి మనిషి చూసేలోపే తన బొటనవేలితో గట్టిగా నొక్కి పడుతుంది. శుభమా అని గాజులు తొడుగుతూ ఎవరైనా రక్తం చూపిస్తారా? ఈ పద్ధతి అత్త నేర్పింది. అత్తకు వాళ్ల అత్త నేర్పింది. ఇది మంచిదేనా అని మూడు తరాల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ రోజు రశ్మి అనే అమ్మాయి సీమంతానికి పచ్చగాజులు తొడిగించుకోవడానికి వచ్చింది. ఏడో నెల, చేతులకు నీరు పట్టింది. ఒక గాజు చిట్లి ఆమె చేతి మీద గీరింది. అదే ముక్క ఇంద్రజ బొటనవేలిని కూడా గీరింది. ఇంద్రజ అలవాటు కొద్దీ ఆ వేలితోనే రశ్మి గాయాన్ని నొక్కింది. రశ్మి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"వద్దక్కా, నేను తుడుచుకుంట" అంది.

"ఏం గాదు తియ్యి" అని ఇంద్రజ నవ్వింది, వదల్లేదు.

సాయంత్రం లక్ష్మీకాంతమ్మ వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు. ఇంద్రజ లోపలి గదిలో కొడుకు వరుణ్‌కు పాలిస్తోంది. వాడికింకా ఏడాది నిండలేదు. లక్ష్మీకాంతమ్మ నేరుగా లోపలికే వచ్చి గొంతు తగ్గించింది.

"పొద్దుగాల రశ్మికి గాజులు ఏసినవంట గదా. గా పిల్లకు హెచ్ఐవీ ఉన్నదంట. కడుపుతోని ఉన్నోళ్లకు రక్తం చూస్తరు గద, అండ్ల బయటపడ్డదంట. నెలనెల దవాఖానకు పోయి గోలీలు తెచ్చుకుంటది."

ఇంద్రజ పిల్లవాణ్ణి రొమ్ము నుంచి లాగేసింది. వాడు గుక్కపట్టి ఏడిచాడు. బొటనవేలి వైపు చూడటానికి కూడా ఆమెకు భయం వేసింది.

ఇక ఆ ఇంట్లో మొదలైన భయానికి అంతు లేదు. విమలాదేవి కోడలి కంచం, గ్లాసు, బకెట్టు వేరు చేసింది. రశ్మి కూర్చున్న స్టూలును ఫినాయిల్‌తో కడిగి ఎండలో పడేసింది. దోమ కోడలిని కుట్టి మనవణ్ణి కుడితే ఎలా అని పట్టపగలే తలుపులు మూసి దోమల కాయిల్ ముట్టించింది. అత్త, కొడుకు, కోడలు ముగ్గురూ చదువుకున్నవాళ్లే. ఆ చదువంతా బీరువాలో బట్టల కింద భద్రంగా ఉంది.

ఇంద్రజ కూడా అన్నీ నమ్మింది. తను ఏమైపోయినా సరే, కొడుకు బాగుంటే చాలు, ఆమెకున్న మొక్కు అదొక్కటే. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే గోడకు ఆనుకుని పళ్లు బిగబట్టింది. తల్లిపాలు లేనిదే నిద్రపోని పిల్లవాడు అవతలి గదిలో నానమ్మ ఒళ్లో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేవాడు. ఆ ఏడుపు వింటూ ఇవతల ఇంద్రజ చచ్చి బతికేది.

భర్త శ్రవణ్‌కుమార్ గాజుల సరుకు కోసం ఫిరోజాబాద్ పోతుంటాడు. నెలలో సగం రోజులు అక్కడే. తిరిగి వచ్చాక సంగతి విని చిరాకు పడ్డాడు.

"గాజు గీరుడుకు గింత లొల్లా? ఏం గాదు."

"పరీక్ష చేయించుకుంట. జర తోలుకపోండ్రి."

"పరీక్ష గిరీక్ష ఏం వద్దు. ఎవలన్నా చూస్తే దుకాణం మూసుకోవాలె."

పరీక్ష మాట ఎత్తినప్పుడల్లా లేచి బయటికి పోయేవాడు. చివరికి, నేనే ఆటోలో పోతానని ఇంద్రజ చెప్పులు వేసుకుంటే, విధిలేక బండి తీశాడు. అప్పటికి గాజు గీరి వారం.

దవాఖానలో ఆయన లోపలికి రాలేదు. బండి దగ్గరే ఉంటానన్నాడు. పరీక్షల గదిలో సలహాలు చెప్పే ఫరీహా అనే ఆమె ఉంది. ఇంద్రజ చెప్పిందంతా నెమ్మదిగా విన్నది.

"రశ్మి ఎవరో, ఆమెకేమున్నదో నేను మాట్లాడ. అది ఆమె సొంత సంగతి. నీ సంగతి చెప్త. కంచంతోని రాదు, గ్లాసుతోని రాదు, దోమతోని అసలే రాదు. గాజు పైపైన గీరితే వచ్చుడు కూడ మస్తు అరుదు. ఫికర్ జేయకు. అయినా రక్తం చూద్దాం."

ఇంద్రజకు ప్రాణం లేచివచ్చింది. ఇంటికి పోగానే కొడుకును ఒళ్లో వేసుకోవాలని, అత్త ముందే పాలివ్వాలని అనుకుంటూ బయట బల్ల మీద కూర్చుంది. చాలాసేపటికి పిలిచారు. ఫరీహా ఈసారి లేచివెళ్లి తలుపు మూసింది.

"మూడు తీర్ల చూసినం ఇంద్రజా. ఉన్నది."

"నాకు ఎర్కనే మేడం. గా రశ్మి..."

"గాజుతోని కాదు. మొన్న అంటుకున్నదైతే గింత జల్దీ ఈ పరీక్షల కనపడది. ఇది అంతకన్నా ముందుగాలనే వచ్చింది."

"వరుణ్ కడుపుల ఉన్నప్పుడు చూసిండ్రు. ఏం లేదన్నరు."

"అంటే గా తర్వాత. కాన్పుల రక్తం ఎక్కించిండ్రా? ఎక్కడన్న ఒకరికి పొడిచిన సూది పొడిచిండ్రా? పచ్చబొట్టు?"

ఇంద్రజ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది. ఇక మిగిలిందేమిటో ఫరీహా చెప్పక్కర్లేకుండానే ఇంద్రజకు అర్థమైంది. అయినా అప్పుడు ఆమెకు భర్త గుర్తుకు రాలేదు. పుట్టిన నాటి నుంచి మొన్నటిదాకా తన పాలు తాగిన నోరు గుర్తుకొచ్చింది.

"నా కొడుకు మేడం?"

"పాలతోని రావచ్చు, రావాలని ఏం లేదు. రేపే తీస్కరా, చూద్దాం. నీకు ఇయ్యాల్నే గోలీలు షురూ జేస్తం. దినాం ఏసుకుంటే అందరి లెక్కనే బతుకుతవ్. మీ ఆయనను ఒకసారి లోపలికి పిలువు."

ఇంద్రజ గోడ పట్టుకుని బయటికి నడిచింది. శ్రవణ్‌కుమార్ బండి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి తల తిప్పుకున్నాడు.

"ఏమన్నరు?"

"ఉన్నదంట."

"గా రశ్మిని ఊకె ఇడవద్దు. గల్లీ అంత..."

"గాజుతోని రాలేదంట" అంది ఇంద్రజ.

మరి ఎట్లా వచ్చిందని అడుగుతాడని ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. అడిగితే బాగుండునని, కోపంగానైనా సరే, అరిచైనా సరే ఆ ఒక్క మాట అడిగితే బాగుండునని లోపల దేవుళ్లందరికీ దండం పెట్టుకుంది. ఆయన నేలచూపులు చూస్తూ బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"పిలగానికి గూడ చూడాల్నంటనా?" అన్నాడు.