నీళ్ళు పెట్టని ఇటుక

దాళ్వా కోతలు అవగానే మా మరిది చంద్రరావు ఉమ్మడి చేలో పొక్లెయిన్ దింపుతానన్నాడు. రామచంద్రపురం దగ్గర అతనికి ఇటుక బట్టీ ఉంది. పక్క చేను నిరుడు నడుములోతు తవ్వించాడు. అప్పటినుంచి మా చేలో పెట్టిన నీరు పూటైనా నిలవదు, ఆ గోతిలోకి జారిపోతుంది. మాది ఎకరం, అందులో సగం నా వాటా, సగం అతనిది. పైమట్టి పోయాక దాన్ని చేను అనడానికేముంది?

"నా వాటా మట్టి ఇవ్వను" అన్నాను.

"మట్టి లేకుండా ఇటుక ఎలా వస్తుందో మీరే చెప్పండి వదినగారూ."

చెప్పడానికి మా చెల్లెలి కూతురు పావనిని పిలిచాను. కాకినాడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. రైసుమిల్లు ఊక బూడిద, కరెంటు ప్లాంటు బొగ్గు బూడిద, కాస్టిక్ సోడా మందు కలిపి అచ్చు పోస్తే కాల్చే పని లేదు, సిమెంటూ అక్కర్లేదంది. మిల్లు బూడిద ఎలాగూ గాలికి లేచి మా దండెం మీది బట్టల్లోకీ కాలవలోకీ వస్తూనే ఉంది.

చంద్రరావు నవ్వాడు. "మృగశిర కార్తె వచ్చేలోపు నా ఇటుకంత గట్టిది చేసి చూపించండి. కాలేజీ మిషన్లో పెట్టి నొక్కిద్దాం. నిలిస్తే ఉమ్మడి చేను ముట్టను."

చేను పక్క కళ్ళంలో ఇరవై ఇటుకలు పోశాం. "వారం క్యూరింగ్ అవ్వాలి పెద్దమ్మా, చూసుకో" అని పావని కాకినాడ వెళ్ళింది. క్యూరింగ్ నాకు కొత్తా? మా ఇల్లు కట్టినప్పుడు గోడలకి రెండు పూటలా నీళ్ళు కొట్టింది నేనే. వీటికీ బిందెలతో పోశాను. మూడో రోజుకి ఉప్పు పేరినట్టు తెల్లటి పొర కట్టింది. చెయ్యి వేస్తే సబ్బులా జారింది. గోటితో గీస్తే అంచు రాలింది.

పావని వచ్చి తల పట్టుకుంది. "వీటికి నీళ్ళు పెట్టకూడదు పెద్దమ్మా. కప్పి వేడిలో ఉంచాలి. మందంతా కడిగేశావు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"నువ్వు అడగొద్దూ?"

గట్టు మీద చంద్రరావు నిలబడి ఉన్నాడు. "మట్టి తవ్వితే పాపం, చేలోకి కాస్టిక్ వదిలితే పుణ్యమా వదినగారూ?"

అతనన్నది నిజమే. తెల్లనీళ్ళు బోదె కాలవ వైపు పాకుతున్నాయి. పార తెచ్చి అడ్డుకట్ట వేశాను. తడిసిన మట్టంతా బస్తాల్లోకి ఎత్తాను. వేళ్ళు మండాయి.

"మృగశిరకి ఎన్నాళ్ళుంది?"

"పన్నెండు రోజులు" అంది పావని.

"మళ్ళీ పోద్దాం."

ఈసారి చేతులకి తొడుగులు, కింద టార్పాలిన్. మందు ఒక్క చుక్క నేలమీద పడనివ్వలేదు. నల్ల పాలిథిన్ కప్పి అంచులు బిగించాం. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, మాకు మాత్రం ఆ ఎండే కావలసి వచ్చింది. అచ్చు పోయడానికి వచ్చిన మేస్త్రీ అచ్చిబాబు అలవాటుకొద్దీ నీళ్ళ పైపు పట్టుకొచ్చాడు. "ఆ నీళ్ళేవో నువ్వు తాగి వెళ్ళు" అన్నాను.

కాలేజీలో ముందు చంద్రరావు ఇటుకలు నొక్కి, ఎంత బరువుకి పగిలాయో అంకె రాశారు. తర్వాత మావి మూడు. రెండు అతని అంకె దాటాయి. మూడోది ఆ అంకెకి కొద్ది ముందే పగిలింది.

"ఒకటి తగ్గిందిగా" అన్నాడు.

"రెండు దాటాయిగా."

కాసేపు ఆ ముక్కని చేతిలో తిప్పి చూశాడు. పొక్లెయిన్ వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. "ఈ యేటికే" అని నాకు వినపడేలా అన్నాడు.

పగిలిన మూడో ఇటుకని ఏరి బస్తాలో వేసుకున్నాను. అందులో ఏం తక్కువైందో వచ్చే యేటిలోపు పావని తేల్చాలి.